కోట నడుమ ఖాళీ జాగ: ఓరుగల్లు తోరణాల మధ్య ఏం జరిగింది?

తెలంగాణ ప్రభుత్వ కాగితం ఏది తీసినా పైన ఒక తోరణం, దాని లోపల చార్మినార్ కనిపిస్తాయి. ఆ తోరణం ఖిలా వరంగల్‌ది. చిహ్నంలో ఒక్కటే గీశారు గానీ కోటలో నాలుగున్నాయి, దిక్కుకొకటి. నాలుగూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వాటి నడుమ విశాలమైన జాగ. అందులో ఒక గుడి పునాదులు, విరిగిన స్తంభాలు, వరసగా పేర్చిన శిల్పాల ముక్కలు, మిగతాదంతా పచ్చిక.

ఊరికి కొత్తగా వచ్చిన చుట్టాలను అక్కడికి తీసుకుపోతే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "మరి గుడేది?" మన దగ్గర జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది: "ఢిల్లీ సుల్తానులు పడగొట్టిన్రు." అబద్ధం కాదు గానీ ఆ జవాబుతో సగం కథే తెలుస్తుంది. గుడిని నేలమట్టం చేసినవాళ్ళు నాలుగు తోరణాలనూ చెక్కు చెదరకుండా ఎందుకు వదిలారు? గుడి పోయిన తరవాత ఏడు వందల ఏళ్ళు ఆ జాగ అట్లాగే పడి ఉందా? ఇవాళ మనం తిరుగుతున్న ఈ బయలు అసలు ఎప్పటిది?

నేను చెప్పబోయేది ఇది. కాకతీయుల రోజుల్లో అక్కడ బయలు లేదు. తుగ్లక్‌ల రోజుల్లోనూ లేదు. ఆ చోట ఎన్నో కట్టారు, ఎన్నో పోయాయి. వాటన్నిటి తరవాత వచ్చింది ఈ ఖాళీ. కోటలో మనం పాతదనుకునే వాటిలో అన్నిటికంటే కొత్తది అదే.

ముందు కోట కట్టుబడి తెలియాలి. ఓరుగల్లు గుండ్రటి నగరం. లోపల రాతికోట, అడ్డంగా కొలిస్తే సుమారు 1.2 కిలోమీటర్లు. దాని చుట్టూ అగడ్త. దాని బయట మట్టికోట, అడ్డం దాదాపు 2.4 కిలోమీటర్లు. ఇంకా బయట మరో మట్టికట్ట, పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు అడ్డంతో హనుమకొండను కూడా కలుపుకుని తిరుగుతుంది. ఇప్పుడు ఆ కట్ట మీద ఎక్కడికక్కడ కాలనీలు లేచాయి. రాతికోటకు నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. నేరుగా గుర్రం తోలుకుంటూ లోపలికి దూసుకురాకుండా ప్రతి ద్వారం దగ్గరా దారి మెలికలు తిరుగుతుంది. మెలిక దాటిందంటే దారులన్నీ ఊరి నడిబొడ్డుకే. ఆ నడిబొడ్డున స్వయంభూ శివుడి ఆలయం, ఆలయానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు.

అంటే ఊరిని కట్టి మధ్యలో గుడి పెట్టినట్టు లేదు, దేవుడి చుట్టూ ఊరిని గీసినట్టుంది. జనం చెప్పుకునే కథ కూడా ఆ వరసలోనే నడుస్తుంది. బండి ఒకటి ఒరిగి, దాని ఇనుప పట్టా ఒక రాయికి తగిలి బంగారమైందట. తవ్వి చూస్తే పరుసవేది లింగం. దాని చుట్టూ కోట లేచిందట. కథను నమ్మడం, నమ్మకపోవడం ఎవరిష్టం వాళ్ళది. నడుమ దేవుడు, చుట్టూ రాజ్యం అన్న లెక్క మాత్రం కోట పటం చూస్తే కళ్ళకు కడుతుంది. స్వయంభూ లింగం కూడా చతుర్ముఖం, నాలుగు వైపులకూ నాలుగు ముఖాలు. నాలుగు ముఖాలు, నాలుగు తోరణాలు, నాలుగు దారులు, నాలుగు కోటద్వారాలు. ఇంత పొందిక కాకతాళీయంగా కుదిరేది కాదు.

గణపతిదేవుడు (1199–1262), రుద్రమదేవి (1262–1289), ప్రతాపరుద్రుడు (1289–1323), ఈ మూడు తరాల్లో ఆ ఆలయం, ఆ కోట ఎదిగాయి. అప్పుడు ఈ జాగ ఎట్లా ఉండేదో ఊహించాలంటే ముందు మన కళ్ళలో ఉన్న పచ్చికను తుడిచేయాలి. తోరణం నుంచి ఎదుటి తోరణానికి నూటయాభై మీటర్ల లోపే ఉంటుంది. ఆ చోట్లో ప్రధాన ఆలయం, మండపాలు, చిన్న గుళ్ళు కిక్కిరిసి ఉండేవి. తోరణం నిలబడింది మైదానం అంచున కాదు, రాజు కొలిచే దేవుడి ముంగిట. దాన్ని దాటి లోపలికి ఎవరు అడుగు పెట్టాలో, ఎంతవరకు పోవాలో వాళ్ళ వాళ్ళ కులం, కొలువు, పని తేల్చేవి. అందరిదీ అనదగ్గ చోటు కాదది.

అందరూ కలిసే చోట్లు వేరే ఉండేవి. క్రీడాభిరామం అనే పాత తెలుగు రచనలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు పొద్దంతా ఓరుగల్లులో తిరుగుతారు. కోడిపందేలు, పొట్టేళ్ళ పోట్లాట, పాములాడించేవాళ్ళు, వేశ్యావాటిక, పూటకూళ్ళింట్లో రూకకు కమ్మటి భోజనం. వాళ్ళు నడిచిన ఊరు వీథుల్లో, సందుల్లో, సంతల్లో బతికిన ఊరు. నగరం ఊపిరి వాడల్లో ఉంటే, నగరం పరువు నడిబొడ్డున ఉండేది. పరువు అక్కడ ఉండబట్టే తరవాత వచ్చిన ప్రతివాడి కన్నూ అక్కడే పడింది.

ఢిల్లీ సేన మొదట గట్టిగా ముట్టడించింది 1309–10లో, మలిక్ కాఫుర్ నాయకత్వంలో. ఆ దండయాత్రను రాసిపెట్టిన అమీర్ ఖుస్రో, ఉక్కు ఈటె కూడా దిగని మట్టిగోడ అని మన మట్టికోటను మెచ్చుకున్నాడు. హనుమకొండ గుట్ట మీద నుంచి చూస్తే ఓరుగల్లు తోటలన్నీ కనిపించేవని కూడా రాశాడు. శత్రువు పొగడ్త కాబట్టి కొంత తీసేసి చదువుకోవాలి. గోడ ఎంత గట్టిదైతే గెలుపు అంత గొప్పది కదా. ఆ ఏడు ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం కప్పంగా ఇచ్చి సంధి చేసుకున్నాడు. గుడి నిలిచింది. 1323లో ఉలుగ్ ఖాన్ వచ్చాడు. రెండేళ్ళకు మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దె ఎక్కినవాడు ఇతనే. కోట పడింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి పంపుతుంటే దారిలో నర్మదా తీరాన చనిపోయాడు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పుర్ అయింది. స్వయంభూ ఆలయాన్ని కూల్చేశారు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. గుడిని రాయి మీద రాయి లేకుండా చేసినవాళ్ళకు నాలుగు తోరణాలను పడేయడం ఒక లెక్కా?

గైడ్లు చెప్పే మాట ఒకటుంది: తోరణాల మీద దేవుడి బొమ్మలు లేవు కాబట్టి వదిలేశారు. దగ్గరికి పోయి చూస్తే ఇందులో కొంత నిజం కనిపిస్తుంది. రెండు పక్కలా జంట స్తంభాలు, వాటి తలల మీద ముందుకు చొచ్చుకొచ్చిన పోతికలు, వాటి మీద బరువైన దూలం. దూలం మీద హంసలు. జనం వీటిని హంస తోరణాలు అనడం అందుకే. కింద తామరమొగ్గలు తలకిందులుగా వేలాడుతుంటాయి. దండలు, తీగలు, లతలు. ముందు వైపు ఎట్లా చెక్కారో వెనక వైపూ అట్లాగే చెక్కారు. పురాణ కథ గానీ, పూజా విగ్రహం గానీ కొట్టొచ్చినట్టు ఎక్కడా లేదు. (మొత్తం తోరణం ఒకే రాయిలో చెక్కారని కూడా చెబుతుంటారు. అది ఉత్తదే, అతుకులు కింద నిలబడ్డా కనిపిస్తాయి.)

కానీ బొమ్మల్లేకపోవడం ఒక్కటే కారణమైతే లెక్క కుదరదు. బొమ్మలు లేని స్తంభాలు, మండపాల కప్పులు కూడా ఆ గుడిలో ఎన్నో ఉండి ఉంటాయి; అవేవీ నిలబడలేదు. పైగా నాలుగు తోరణాల్లో ఒకటో రెండో మిగిలితే ఏమరుపాటు అనుకోవచ్చు. నాలుగుకు నాలుగూ, నాలుగు దిక్కులా మిగిలాయంటే ఎవరో వద్దన్నారని అర్థం.

ఎవరు, ఎందుకు? చరిత్రకారులు ఫిలిప్ వాగనర్, జాన్ హెన్రీ రైస్ 2001లో అచ్చువేసిన పరిశోధనలో దీనికి ఒక జవాబు ఉంది. ఆ తరవాత రిచర్డ్ ఈటన్‌తో కలిసి వాగనర్ దాన్ని ఇంకా విస్తరించారు. కూల్చిన గుడి చోటనే తుగ్లక్‌లు జామే మసీదు కట్టారు, తోరణాలను దాని చుట్టూ చట్రంలా వాడుకున్నారు అన్నది వాళ్ళ నిర్ధారణ. గెలిచినవాడికి కొత్త రాజధాని కావాలంటే ఎక్కడైనా కట్టుకోవచ్చు. ఓరుగల్లు రాజునని అనిపించుకోవాలంటే మాత్రం ఓరుగల్లు నడిబొడ్డునే కూర్చోవాలి. అది నడిబొడ్డు అని జనానికి గుర్తు చేసేవి ఆ నాలుగు తోరణాలే. వాటిని పడేస్తే తన గద్దె గుర్తును తానే చెరిపేసుకున్నట్టు.

నాకు ఈ వాదన బలంగానే కనిపిస్తుంది, ముఖ్యంగా పక్కనే ఉన్న ఖుష్ మహల్‌ను చూస్తే. తోరణాలకు పడమట ఉన్న ఈ కొలువుకూటం చాలాకాలం షితాబ్ ఖాన్ కట్టించిందని, అంటే పదహారో శతాబ్దిదని లెక్క. స్థానికంగా ఇప్పటికీ షితాబ్ ఖాన్ మహల్ అనేవాళ్ళున్నారు. కానీ దాని గోడలు నిటారుగా లేవవు. అడుగున లావుగా మొదలై పైకి పోయే కొద్దీ లోపలికి వాలుతాయి. ఢిల్లీలో తుగ్లకాబాద్ ఎదుట ఘియాసుద్దీన్ తుగ్లక్ సమాధి గోడలు ఇట్లాగే వాలుతాయి. లోపల పెద్ద పెద్ద కమానులు వరసగా అడ్డంగా నిలిచి కప్పును మోస్తాయి. పద్నాలుగో శతాబ్దపు ఢిల్లీ పనితనం ఇది. అంటే 1323 తరవాత గుడి చోట మసీదు, పక్కనే దర్బారు, రెంటికీ గుర్తుగా కాకతీయుల తోరణాలు. జాగ చేతులు మారింది, ఖాళీ కాలేదు.

ఇట్లా అంటే కూల్చివేతను తేలిక చేసినట్టు కొందరికి అనిపించవచ్చు. నేనైతే అట్లా అనుకోను. ఒక రాజ్యపు దేవుణ్ణి పెకలించి, ఆ దేవుడి ముంగిలిని తన ముంగిలిగా వాడుకోవడం ఉత్త విధ్వంసం కంటే లోతైన పని. తోరణాలు మిగలడం దయ వల్ల కాదు, లెక్క వల్ల.

ఆ లెక్క ఎక్కువ రోజులు సాగలేదు. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి పట్టుకున్నాడు. ఆయన పెట్టుకున్న బిరుదు చూడండి: ఆంధ్రసురత్రాణ. తరిమేసిన సుల్తాను పదవి పేరునే సంస్కృతం చేసి తగిలించుకున్నాడు. తరవాత రేచర్ల వెలమలు, పదిహేనో శతాబ్దిలో బహమనీలు. వీళ్ళెవరి కాలంలోనూ ఆ నడిబొడ్డున పాతంత పెద్ద గుడి మళ్ళీ లేవలేదు.

షితాబ్ ఖాన్ దగ్గర కొంచెం ఆగాలి. అసలు పేరు సీతాపతి. బహమనీ కొలువులో పైకొచ్చి, ఖాన్ అనిపించుకుని, ఆ రాజ్యం ముక్కలవుతుండగా ఓరుగల్లును తనది చేసుకున్నాడు. 1504 నాటి అతని శాసనం కోటలోనే ఉంది. కాకతి రాజ్య సింహాసనానికి లక్ష్మి అయిన జగన్మాతను తురుష్కులు స్థానం తప్పించారని, ఆమెను తాను మళ్ళీ నిలిపానని, పాంచాలరాయుడనే దేవుణ్ణి ప్రతిష్ఠించానని చెప్పుకున్నాడు. కాకతీయులు పోయి నూట ఎనభై ఏళ్ళు దాటింది. అయినా ఓరుగల్లులో రాజు కావాలంటే కాకతి సింహాసనం పేరెత్తక తప్పలేదు. పేరులో ఖాన్, శాసనంలో కాకతి లక్ష్మి. ఇప్పటి మన గీతల్లో అతన్ని ఎటువైపు నిలబెట్టాలో తేలదు, తేలకపోవడమే నయం.

కొన్నేళ్ళకే అతని చేతిలోంచి కోట గోల్కొండకు పోయింది. కుతుబ్ షాహీలకు ఓరుగల్లు రాజధాని కాదు, సరిహద్దు కోటల్లో ఒకటి. కానీ దాని నమూనా వాళ్ళ బుర్రలో ఉండిపోయిందని ఈటన్, వాగనర్ అంటారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నాలుగు దారుల కూడలిలో చార్మినార్ లేపాడు. మరుసటి ఏడు దానికి ఉత్తరాన చార్ కమాన్, నాలుగు దిక్కులా నాలుగు కమానులు, నడుమ బయలు. కొత్త నగరాన్ని ఇరాన్ పట్టణాల తీరున గీశారని మామూలుగా చదువుకుంటాం. ఆ నగరాన్ని గీశాడని చెప్పే మంత్రి మీర్ మోమిన్ అస్తరాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవాడు కాబట్టి అందులో నిజం ఉంది. కానీ తెలంగాణ నేలనేలే వంశానికి నాలుగు తోరణాల ఓరుగల్లు తెలియనిది కాదు. రెండు జవాబుల్లో ఒకటే ఎంచుకోవాలన్న పట్టుదల నాకు లేదు. రాష్ట్ర చిహ్నంలో తోరణం లోపల చార్మినార్‌ను కూర్చోబెట్టినవాళ్ళు ఈ వాదన చదివి పెట్టారో లేదో గానీ, బొమ్మ మాత్రం దానికి అతికినట్టు సరిపోయింది.

హైదరాబాద్ పుట్టాక ఓరుగల్లు నడిబొడ్డుకు రాజకీయపు బరువు పోయింది. ఇక ఆ జాగను పట్టించుకునే రాజు లేడు. గోడల లోపల పల్లె పెరిగింది. పొలాలు, పెంకుటిళ్ళు, పశువులు. మధ్యకోట, తూర్పుకోట, పడమరకోట అని వాడలకు పేర్లు స్థిరపడ్డాయి. ఊరేమో గోడల బయటికి జరిగింది. 1880ల్లో రైలు వచ్చింది, 1934లో ఆజంజాహి మిల్లు వచ్చింది. కొత్త వరంగల్ స్టేషన్ చుట్టూ, మట్టెవాడ మీదుగా హనుమకొండ వైపు సాగింది. పాత నగరపు నడిబొడ్డు కొత్త నగరానికి ఒక మూలన పడింది. ఆ మూలన పడటం వల్లే చాలా మిగిలిందని నా అనుమానం. స్టేషన్ రోడ్డు పక్కన ఉండి ఉంటే ఈ పాటికి తోరణాల మధ్య షాపింగ్ కాంప్లెక్స్ లేచేది.

ఆ రోజుల్లో కోట ఉత్త శిథిలం అనుకుంటే పొరపాటు, అక్కడ జనం ఉన్నారు, వాళ్ళకు రాజకీయాలూ ఉన్నాయి. 1946 ఆగస్టు 11న కోటలో జెండా ఎగరేస్తే రజాకార్లు వచ్చిపడ్డారు. ఎదురు నిలిచిన బత్తిని మొగిలయ్య గౌడ్ ఆ రోజే నేలకొరిగారు. కోట చరిత్ర చెప్పేటప్పుడు 1323 తరవాత తెర దించేసే అలవాటు మనది. అట్లా దించితే మొగిలయ్యకు చోటుండదు.

ఇక ఇప్పటి బయలు సంగతి. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టింది. తరవాత కేంద్ర పురావస్తు శాఖ వచ్చింది. గుట్టలుగా పడ్డ రాళ్ళను తొలగించి, తవ్వి, ఆలయ పునాదులను బయటపెట్టి, ముక్కలను ఏరి వరసపెట్టి, పచ్చిక పరిచి, చుట్టూ కంచె వేశారు. మనం ఇవాళ ఫొటోల్లో పెట్టుకునే శుభ్రమైన ఖాళీ ఇట్లా తయారైంది. ఏది బయటపెట్టాలో, ఏది పక్కన పెట్టాలో ఎంచుకోకుండా ఇలాంటి పని జరగదు. ఆ ఎంపిక కాకతీయుల వైపు మొగ్గింది. అక్కడికి పోయిన మనిషికి గుడి పునాదులు వెంటనే కనిపిస్తాయి. ఆ పునాదుల మీద ఒకప్పుడు మసీదు నిలిచిందని ఎవరో చెబితే తప్ప తట్టదు.

ఇంతకీ ఇది అందరి జాగేనా? ఒక లెక్కన అవును. టికెట్ కొంటే ఏ కులం, ఏ మతం అని అడిగేవాళ్ళు లేరు. ఆ నడిబొడ్డు చరిత్రలో ఇది చిన్న విషయం కాదు. ఇంకో లెక్కన కాదు. వరంగల్ జనం వేలాదిగా చేరేది వేరే చోట్ల: బతుకమ్మకు పద్మాక్షి గుట్ట కింద, దసరాకు ఉర్సు రంగలీల మైదానంలో, సభలకు హయగ్రీవాచారి మైదానంలో. కోటలో ఉత్సవాలంటే ఎక్కువగా సర్కారు పెట్టినవే. 2022 జూలైలో జరిపిన కాకతీయ వైభవ సప్తాహం లాంటివి.

కోటలో ఇల్లున్నవాళ్ళకు ఈ జాగ ఇంకో తీరుగా తగులుతుంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం చేయకూడదు. ఆ పైన మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతి లేనిదే ఇటుక పెట్టకూడదు. ఒక్క కట్టడం ఉన్న ఊళ్ళో ఇది తేలికే. ఇక్కడ తోరణాలు నాలుగు, ఖుష్ మహల్ ఒకటి, చుట్టూ కోటగోడ. వలయం మీద వలయం పడి మధ్యకోట చాలామటుకు అందులోనే ఇరుక్కుంటుంది. కొడుకు పెళ్ళికి ఒక గది వేసుకుందామంటే కాగితాలు పట్టుకుని తిరగాలి. చట్టం లేకపోతే తోరణాలు మిగలవు, నిజమే. దాని బరువు మోసేది మాత్రం టికెట్ కొని వచ్చి పోయేవాళ్ళు కాదు.

ప్రపంచ వారసత్వ గుర్తింపు కోసం 2014లో యునెస్కో ముందస్తు జాబితాకు రామప్ప, వేయిస్తంభాల గుడితో పాటు ఈ తోరణాల పేరు కూడా వెళ్ళింది. 2021లో గుర్తింపు దక్కింది రామప్పకు ఒక్కదానికే. అయితే తోరణం మీద జనానికున్న పట్టుకు యునెస్కో అవసరం లేదని 2024 మే నెలలో తేలింది. రాష్ట్ర చిహ్నంలోంచి తోరణాన్ని, చార్మినార్‌ను తీసేస్తారన్న మాట పొక్కగానే వరంగల్‌లో, హైదరాబాద్‌లో నిరసనలు లేచాయి. కొత్త చిహ్నం ప్రకటన వాయిదా పడింది. ఓరుగల్లు తనదని చెప్పుకోదలచిన ప్రతి పాలకుడూ ఏడు వందల ఏళ్ళుగా తోరణాన్ని ముట్టుకోకుండా వదిలాడు. ముట్టుకోబోయిన ఒక సర్కారుకు అది ఎందుకో తెలిసొచ్చింది.

ఈసారి కోటకు పోతే సాయంత్రం లైట్ల కోసం ఆగకుండా పొద్దున్నే పోండి. ముందు ఖుష్ మహల్ గోడకు పక్కగా నిలబడి అది ఎంత లోపలికి వాలిందో చూడండి. తరవాత పడమటి తోరణం కింది నుంచి తూర్పు తోరణాన్ని చూస్తే ఆలయం ఎంత జాగ పట్టి ఉండేదో అందుతుంది. పునాదుల మధ్య తిరిగాక దక్షిణం వైపు బయటికి రండి, అక్కడికి దగ్గర్లోనే శంభునిగుడి ఉంటుంది. స్వయంభూ ఆలయంలోని నాలుగు ముఖాల లింగం ఇప్పుడు ఈ గుడిలో ఉన్నదేనంటారు. చాలామంది తోరణాలు చూసి అటునుంచి అటే వెళ్ళిపోతారు గానీ, లోపలికి పోతే పూజారి హారతి ఇస్తాడు.